సెలవు పెట్టినా వదలని పని



వేసవి సెలవుల్లో ఒక తండ్రి భార్యాపిల్లలతో విజయవాడ నుంచి మంగినపూడి బీచ్‌కు వెళ్ళాడనుకుందాం. పిల్లలు నీళ్ళలో ఆడుకుంటున్నారు. ఆయన ఒడ్డున నిలబడి ఫోన్‌లో ఆఫీసు లెక్కలు చెబుతున్నాడు. ‘అబ్బా, ఒక్కసారి రా!’ అని చిన్నవాడు మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి పిలవలేదు.

ఉద్యోగులమైనా, ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవారమైనా మనలో చాలామంది పరిస్థితి ఇదే. మరి సెలవులో పనిని పూర్తిగా పక్కన పెట్టడం సాధ్యమేనా?

హజ్రత్ అబూదర్దా (రజి) పగలు ఉపవాసాలు, రాత్రి నమాజులలో మునిగి ఇల్లాలిని పట్టించుకోలేదు. హజ్రత్ సల్మాన్ (రజి) ఆయనచేత భోజనం చేయించారు, నిద్రపుచ్చారు. రాత్రి చివరి భాగంలో ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకూ, నీ శరీరానికీ, నీ ఇంటివారికీ నీపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికి చెల్లించాలని సల్మాన్ (రజి) బోధించారు. దైవప్రవక్త (సఅసం) ఆ మాటను సమర్థించారు. ఆరాధన పేరుతోనైనా ఇంటివారి హక్కును కాజేయరాదన్నప్పుడు, ఆఫీసు పేరుతో కాజేయవచ్చా? ఆలోచించండి.

అలాగని ఇస్లాం సంపాదనను తక్కువ చేయలేదు. జుమా పిలుపు వినగానే వ్యాపారం ఆపమని, నమాజు ముగిశాక వెళ్ళి ఉపాధి వెతుక్కోమని దివ్య ఖుర్ఆన్ జుమా సూరాలో (62:9-10) ఆదేశించింది. ఆపడం, తిరిగి మొదలుపెట్టడం రెండూ విధేయతే. ప్రతి వారం దుకాణం ఆపగలిగిన మనం, ఏడాదికి నాలుగు రోజులు ఫోన్ ఆపలేమా?

నిజమైన ఆపద వేరు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. అలాంటి రోజున వైద్యుడైనా, విద్యుత్ ఉద్యోగి అయినా ‘నాకు సెలవు’ అనడం తగదు. ప్రాణాలు కాపాడటం గొప్ప పుణ్యం. కాని మనకు వచ్చే ఫోన్లలో అలాంటివి ఎన్ని?

మన డెల్టా రైతును చూడండి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసే ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. మనమూ సెలవుకు ముందే పనిని నమ్మకమైన వ్యక్తికి అప్పగించాలి. అది అమానతు. అత్యవసరమైతే ఎవరు, ఏ వేళకు ఫోన్ చేయాలో చెప్పాలి. యజమానులారా, సెలవులో ఉన్న పనివాడిని చిన్న చిన్న విషయాలకు పిలవకండి. అతని ఇంట్లోనూ ఎదురుచూసే పిల్లలున్నారు.

ఇంత చేశాక కూడా చేయి ఫోన్ వైపే పోతుంటే మనల్ని మనం ప్రశ్నించుకోవాలి: ‘నేను లేకపోతే అంతా ఆగిపోతుంది’ అన్న భావన ఎక్కడిది? ఉపాధి ప్రదాత అల్లాహ్. ఏర్పాట్లు చేసి ఆయనపై భారం వేయడమే తవక్కుల్.

మన బిడ్డ నాలుగోసారి పిలవడం మానేయకముందే పలికే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.