రోగి రహస్యము – నిక్షేప ధర్మము

భద్రగిరి యాత్రికులలో కంచెర్ల గోపన్నగారి చరిత్ర నెరుగనివారుండరు. ఖమ్మము సీమలోని నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, రాజధనముతో రామాలయమును నిర్మించినందున తానీషా ఆజ్ఞచే గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మగ్గినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. బందీయైనంత మాత్రమున మానవుడు భగవంతునికి దూరము కాడని ఆ చరిత్ర బోధించుచున్నది.

నేటి కారాగారములలో హెచ్.ఐ.వి. సోకిన బందీకి రెండు బంధనములు సంభవించుచుండును. ఒకటి న్యాయస్థానము విధించినది. రెండవది తోటివారి భయము విధించునది. వేరు పంక్తి, వేరు గది, మందుల వేళ పేరెత్తి పిలుచుట, కాగితముపై గుర్తు – వీనిలో ఏ యొక్కటియైనను ఆతని రోగమును చెరసాల యంతటికిని చాటగలదు. వెలుపలనున్నవాడు నిందకు వెరచి ఊరు విడువగలడు. బందీ యెచటికి పోగలడు?

ఇచట నొక ధర్మసందేహము కలుగును. సత్యమును దాచుట అసత్యము కాదా? పలువురు కలిసి నివసించుచోట ఒకని వ్యాధిని అందరకును తెలుపుట లోకహితము కాదా?

ముందుగా లోకహితమును విచారింపవలెను. ఈ వ్యాధి రక్తమువలనను, రక్షణలేని సంగమమువలనను, ఒకరు వాడిన సూదిని వేరొకరు వాడుటవలనను, తల్లినుండి బిడ్డకును సంక్రమించును. సహపంక్తి భోజనమువలన గాని, స్పర్శవలన గాని, దోమకాటువలన గాని సంక్రమింపదు. కావున పేరు చాటుటవలన ఇతరులకు రక్షణ కలుగదు. పైగా, రట్టగుదుమను భయముచే బందీలు పరీక్షకే రారు. నిత్యము సేవింపవలసిన మందును మానుదురు. రహస్యము చెడినచోట వ్యాధియే పెరుగును. సూదియు, క్షౌరపు బ్లేడును ప్రతివానికిని క్రొత్తవై యుండుటయే అందరికిని రక్ష.

ఇక సత్యము. చరకసంహిత విమానస్థానమున, వైద్యశిష్యునకు గురువు చేయు అనుశాసనములో, రోగి యింటి విషయములను వెలుపల చెప్పరాదను నియమము కలదు. రోగి వైద్యునకు తెలుపునది దానము కాదు, నిక్షేపము. భరతుడు పాదుకలను ముందిడుకొని రాజ్యమును నిక్షేపముగా కాపాడెనే గాని తనదిగా ననుభవింపలేదు. పరుల నిక్షేపమును పంచిపెట్టుట సత్యవ్రతము కాదు, ద్రోహము. అడిగినవారితో “ఈ మాట చెప్పుటకు నాకధికారము లేదు” అనుటలో అసత్యమేమియు లేదు.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న 2017వ సంవత్సరపు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టమును ఈ ధర్మమునే శాసించుచున్నది. రోగి తెలిసి యిచ్చిన సమ్మతి గాని, న్యాయస్థానపు ఆజ్ఞ గాని లేక ఆతని స్థితిని వెల్లడింపరాదు. చికిత్సార్థము వైద్యులు తమలో తెలుపుకొనుట వంటి కొలది మినహాయింపులు మాత్రము కలవు. ప్రభుత్వ నిర్బంధమున నున్నవారికిని పరీక్ష, సలహా, చికిత్స పొందు హక్కు కలదు. భార్యకు తెలుపవలసిన అవసరము కలిగినచో, ముందు రోగికి నచ్చజెప్పి, చట్టము చెప్పిన క్రమమున వైద్యుడు తెలుపవలెను. ఆ మాట కాపలావాని నోట వెలువడరాదు.

చెరలోని వారి రహస్యమును కాపాడుట అధికారుల విధి. చెర విడిచి గ్రామమునకు మరలినవానికి పంక్తిలో చోటిచ్చుటయు, అడుగరాని ప్రశ్నను అడుగకుండుటయు గృహస్థుల విధి. శబరి యొసగిన వనఫలములను స్వీకరించిన స్వామి కొలువున్న సీమలో ఇది దుష్కరము కారాదు.