తుడిచివేసే అధికారము



2001లో గనులు మూతపడిన తరువాత కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబములు చెల్లాచెదురైన సంగతి మీరెరుగుదురు. కొందరు బెంగళూరు చేరారు, కొందరి పిల్లలు గల్ఫు దేశములకు వెళ్లారు. వారందరిని కలుపుటకు మా సంఘము వాట్సాప్ గ్రూపు పెట్టినది. మొదట నలభైమందిమి. ప్రార్థన మనవులు, శుభలేఖలు, మరణ వార్తలు, అంతే. ఎవరైనా నోరు జారితే ఆదివారము ఆరాధన అయ్యాక చెట్టు క్రింద నిలబడి "ఏమయ్యా, ఆ మాట బాగాలేదు" అంటే సరిపోయేది. ఇప్పుడు మూడు వందలు దాటినాము. సగముమందిని మేము చూడనైనా లేదు. ముఖము తెలియనివారిని చెట్టు క్రిందకు ఎలా పిలుస్తాము?

కాబట్టి నియమములు వ్రాశాము. రాజకీయములు వద్దు, దూషణ వద్దు, ఉదయమే పూలబొమ్మలు వద్దు. (ఈ చివరిది ఎవరూ పాటించుట లేదు.) పెద్దలము ముగ్గురము అడ్మిన్లముగా ఉన్నాము.

ఒక రాత్రి ఒక సహోదరుడు, మాకంటె వయసులో పెద్దవారు, భవన నిధి లెక్కలు ఏమైనవని అడిగారు. అడిగిన తీరు చాలా కటువు. తిన్నవారే చెప్పాలన్నట్లు వ్రాశారు. పది నిమిషములలో ఆ మాట తుడిచి, ఆయనను తీసివేశాము. దూషణ వద్దని నియమమున్నది గదా అని సమాధానపడ్డాము. మరునాడు గ్రూపులో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ నిశ్శబ్దమే మాకు నిద్ర లేకుండా చేసినది. ఎందుకంటే, లెక్కలు వ్రాసేది కూడ మేమే.

ఆయన మాట తప్పు. ఆయన ప్రశ్న తప్పు కాదు. ఒక్క నొక్కుతో రెండూ పోయినవి. బడిలో అల్లరి పిల్లవాణ్ణి బయట నిలబెడితే తరగతి సద్దుమణుగుతుంది, వాడికి మాత్రము ఆనాటి పాఠము పోతుంది. ఇన్నేండ్లు పంతులు పని చేసినవారము, ఇది మాకు తెలియనిది కాదు.

2021లో బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనము, ముందుగా కూడబలుక్కొంటే తప్ప సభ్యుడు వ్రాసిన చెడ్డమాటకు అడ్మిన్ బాధ్యుడు కాడని తీర్పిచ్చినది. చేర్చుట, తీసివేయుట, అతని చేతిలో ఉన్నది ఇంతేనన్నది. అది చదివి ముందు ఊరట పొందాము. తరువాత ఆలోచించగా, ఆ తీసివేయుట చిన్న సంగతి కాదని తోచినది. ఇతరులు వ్రాసినదానికి మేము జవాబుదారులము కాము, సరే. మేము తుడిచినదానికి?

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము మరల తీసి చూచాము. శిష్యుల సంఖ్య పెరిగినప్పుడే సణుగు పుట్టినది. గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూచుచున్నారని ఫిర్యాదు. పన్నెండుమంది సణిగినవారిని వెళ్లగొట్టలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఏర్పరచుకొనమన్నారు. ఏర్పడిన ఏడుగురివీ గ్రీకు పేర్లే!

ఇప్పుడు అడ్మిన్లలో ఇద్దరు కమిటీలో లేనివారు, అందులో ఒకతె యౌవనస్థురాలు. పెద్దల మీది ఫిర్యాదును పెద్దలు తుడువకూడదు. ఎవరి మాటనైనా తుడిచితే ఆ రోజే ఒకరు ఫోను చేసి కారణము చెప్పాలి. లెక్కలు సంఘ సభలో చదివాము. ఒక రసీదు రెండుసార్లు ఎక్కి ఉన్నది, దిద్దుకున్నాము.

ఆ సహోదరుని ఇంటికి కూడ వెళ్లి క్షమించమని అడిగాము. కాఫీ ఇచ్చారు. మనవడి ఉద్యోగము గురించి చాలాసేపు మాట్లాడారు. గ్రూపులో మరల చేర్చమంటారా అంటే, "చూద్దాము లెండి" అన్నారు.