లెక్క సంకెల కాదు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 30:15–20



"నా నొసట అట్లు వ్రాసియున్నది, నేనేమి చేయుదును?" అని త్రాగుడుకు లోబడినవాడు చెప్పుట మనము వినియున్నాము. చదువుకొనినవాడు అదే మాటను వేరొక రీతిగా చెప్పును. "నూటికి ఇంతమంది త్రాగుదురని లెక్కలున్నవి. నేను ఆ లెక్కలోనివాడను" అనును. ఇది నిజమా?

బెల్జియము దేశములో అడాల్ఫ్ కెత్లే అను ఖగోళ శాస్త్రజ్ఞుడుండెను. ఆయన 1835లో మనుష్యుని గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. ఫ్రాన్సు దేశపు న్యాయస్థానముల లెక్కలు పరిశీలింపగా, ఏటేట నేరముల సంఖ్య ఇంచుమించు ఒకే తీరుగా ఆయనకు కనబడెను. రాబోవు ఏటి నేరములెన్నో ముందుగా చెప్పగలిగినయెడల, నేరస్థునికి స్వేచ్ఛ యెక్కడిదని అనేకులు కలవరపడిరి.

దీనికి జవాబు తపాలా కచేరీలో నున్నది. లాప్లాసు అను ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు 1814లో ఒక సంగతి వ్రాసెను. విలాసము సరిగా లేక పారిస్ తపాలా కచేరీలో నిలిచిపోవు ఉత్తరముల సంఖ్యయు ఏటేట ఇంచుమించు ఒక్కటే. విలాసము తప్పుగా వ్రాయుడని వారికి ఎవడు ఆజ్ఞాపించెను? ఎవడును లేడు. ఒకడు తొందరపడెను, ఒకడు మరచెను. వారిలో ఎవడైనను తన ఉత్తరమును మరల చూచుకొనినయెడల, ఆ లెక్క అతని చేయి పట్టుకొని ఆపునా?

మన ఊరి అడంగలు చూడుడి. పైరు వేసినందున అడంగలులో వ్రాయుదురు గాని, అడంగలులో వ్రాసినందున పైరు మొలవదు. లెక్క మన క్రియల వెనుక నడుచును. నూరు మందిని గూర్చిన మాట ఒక్కనిపై తీర్పు కానేరదు.

అయినను లెక్కలను త్రోసివేయకుడి. నేరమునకు దారి సమాజమే సిద్ధపరచుచున్నదని, కారణములు మారినయెడల సంఖ్యయు మారునని కెత్లే తలంచెను. గనుక త్రాగువానిని నిందించుటకు ముందు సంఘము తన్ను తాను పరీక్షించుకొనవలెను. అతని అప్పును, ఒంటరితనమును చూచి మనము ఊరకుంటిమా? అతని ఇంటి గడప త్రొక్కితిమా?

అలవాటు బలమైనది, నిజమే. తాను కోరని కీడునే చేయుచున్నందుకు పౌలు దుఃఖించెను (రోమా 7). అయినను ఆయన దానిని సాకుగా చేసికొనక, క్రీస్తునందు విడుదల వెదకెను. మోషే జీవమును మరణమును జనుల యెదుట నుంచి, కోరుకొనుడని చెప్పెను. కోరుకొనలేనివారికి ఆ మాట చెప్పుట వ్యర్థము కాదా?

నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయినప్పుడు, నూటికి ఒకటి పోవుట సహజమేనని కాపరి లెక్క కట్టుకొని కూర్చుండలేదు (లూకా 15). దానిని వెదకుచు వెళ్లెను. సహోదరుడా, లోకము నిన్ను ఒక అంకెగా వ్రాసికొనును. ప్రభువు నిన్ను పేరుపెట్టి పిలుచుచున్నాడు. నేడే లేచి రమ్ము.

ప్రార్థన: ప్రభువా, సాకులు విడిచి జీవమును కోరుకొనుటకు మాకు నీ కృప దయచేయుము. ఆమేన్.