సాయిబుల్లా కనిపించరే!

"మీరు సాయిబులంటే నమ్మబుద్ధి కాదండీ. అస్సలు అట్లా కనిపించరు!"

ఖమ్మంలో, కొత్తగూడెంలో, భద్రాచలంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాయ్ తాగించి మరీ, మెచ్చుకోలుగానే అన్నారు. మేమూ నవ్వి ఊరుకున్నాం. ఆ నవ్వు గురించే ఇప్పుడు మా బాధ.

విలేకరికి యూనిఫారం లేదంటారు. ఉంది. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, నున్నగా గీసిన గడ్డం, జేబులో పెన్ను. కలెక్టరాఫీసు గేటు దగ్గర ముందు ఆ వేషమే మాట్లాడుతుంది, కార్డు తర్వాత. చర్ల, దుమ్ముగూడెం దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలోకి పోతుంటే ఇంకా ముందే మాట్లాడుతుంది. అక్కడ పేరు అడిగేలోపే బట్టలు చూస్తారు. 2005లో మొదలైన సల్వాజుడుం గొడవలకు అటునుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలను అడగండి, చెబుతారు.

ఆ చూపు మాకూ ఉంది. దాచుకోం. ప్రెస్‌మీట్‌కు గోచీతో వచ్చిన కోయ పెద్దను పక్కనబెట్టి, ఖద్దరు చొక్కాయన ముందు మైకు పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. భూమి పోయింది ఆ పెద్దాయనది.

ఎదుటివాడు జంకకుండా మన వేషం సర్దుకోవడం మర్యాదా, అబద్ధమా? చావింటికి రంగుల చొక్కా వేసుకుపోం. అది మర్యాదే. సింగరేణి బాయిలోకి దిగేవాడు టోపీ పెట్టుకోకుంటే తల పగులుతుంది. అది పని కోరే టోపీ. మరి మా అబ్బాజాన్ టోపీతో బల్ల ముందు కూర్చుంటే ఎవరి తల పగులుతుంది? పని కోరేది ఒకటి, ఎదుటివాడి అనుమానం కోరేది ఒకటి. రెండో దాన్ని కూడా 'నీటుగా ఉండటం' అనే పిలుస్తున్నారు. చిక్కంతా అక్కడే.

ఈ గోదారి ఒడ్డుకు ఆ సంగతి తెలుసు. ఒకప్పుడు భద్రాచలం తెల్లవాడి మద్రాసు రాజ్యంలో ఉండేది, ఎదుటి బూర్గంపాడు నిజాం రాజ్యంలో. నిజాం వైపు దర్జాకు గుర్తు షేర్వాణీ. అది ఒక్క మా బట్ట కాదు, బూర్గుల రామకృష్ణారావుగారూ తొడిగారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత అదే షేర్వాణీ వేసుకుని బజారుకు పోవడానికి జంకామని మా ఇళ్లల్లో పెద్దలు చెప్పేవారు. గుడ్డ మారలేదు, దర్జీ మారలేదు. చూసే కన్ను మారింది.

కార్తీకంలో మా ఆఫీసులకు రండి. నల్లబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు, పెరిగిన గడ్డం, మెడలో మాల. నలభై ఒక్క రోజులు గుమాస్తానైనా, అధికారినైనా 'స్వామీ' అనే పిలుస్తాం. మేమూ పిలుస్తాం, మనస్ఫూర్తిగానే. ఆ గడ్డంతో ఏ ఫైలూ ఆగలేదు. శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు తలపై మోసుకొస్తారు. తానీషా నాటి ఆనవాయితీ అంటారు. ఆ ముత్యాల వార్త ఏటా రాసేది మేమే. ఆ పట్టుబట్టలు మతమా, డ్యూటీయా అని ఎవరూ అడగరు. అడగాలని మేమూ అనం. మా దాకా వస్తే మాత్రం ఆ ప్రశ్న గేటు దగ్గరే ఎదురొస్తుంది.

ఇది మా ఊరి గోలే కాదు. గడ్డం, టోపీ, బురఖా ఉన్నవాళ్లు అనుమానపు చూపుల పాలవుతున్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. గడ్డం తీయనన్న వైమానిక దళ ఉద్యోగి తొలగింపును 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. దళమంతా ఒకేలా కనిపించాలన్నారు. సైన్యం సంగతి సైన్యానికి వదిలేద్దాం. ఆసుపత్రికి ఏం అడ్డం?

మా ఆపా కూతురు నర్సింగు చదివింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి తీసుకుంటామంది, స్కార్ఫ్ తీసేస్తే. పేషెంట్లు ఇబ్బంది పడతారట. అంచులు కాలర్లోకి దోపుకుంటానంది పిల్ల. థియేటర్లో అందరూ జుట్టు కప్పుకుంటారు కదా అని కూడా అంది. వినలేదు. సలహాకు మా దగ్గరికొచ్చింది.

"బేటీ, డ్యూటీ టైములో తీసెయ్. ఏం పోతుంది?" అన్నాం.

కాసేపు మా గడ్డంలేని మొహంకేసి చూసింది. "మీరు తీసేసి ఇరవై ఏళ్లయింది కదా మామూ. ఏం పోయిందో మీరే చెప్పండి, విని తీసేస్తా" అంది.

మేము చెప్పలేకపోయాం. ఆమె అందులో చేరలేదు. ఇప్పుడు అడవి అంచున ఒక చిన్న క్లినిక్‌లో చేస్తోంది. అక్కడికొచ్చే కోయ ఆడవాళ్లు స్కార్ఫ్ ఊసెత్తరు, సూది మెల్లగా వెయ్యమంటారు. జీతం మాత్రం పట్నంలో చెప్పినదాంట్లో సగం. మా ఆపా ఆ సంగతి ఎత్తినప్పుడల్లా మేము మాట మార్చేస్తాం.