గడప దగ్గర ఆగిన రాజ్యం

"సార్వభౌమాధికారం శాశ్వతమైనది, సర్వవ్యాప్తమైనది, అవిభాజ్యమైనది, మరొకరికి బదలాయించడానికి వీల్లేనిది." ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లలో ఈ వాక్యం ఎన్నిసార్లు నోట్సుగా చెప్పానో లెక్కలేదు. పిల్లలు తలవంచుకుని రాసుకునేవారు. పరీక్షలో ఆరు మార్కుల ప్రశ్న. ఈ వాక్యం మీద నాకు మొదటిసారి అనుమానం పుట్టింది మా ఇంటి వరండాలో.

2007 సంగతి. అప్పటి కడప జిల్లాలో ఒక చిన్న టౌన్లో ఉండేవాళ్లం. మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, బట్టలుతికే ఆమె ఒక సాయంత్రం పనైపోయాక కూడా వెళ్లకుండా నిలబడింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. కువైట్ పోవాలనుకుంటోంది. కాగితంలో వయసు 31 అని రాసుంది. ఆమెకు అప్పటికి 27.

"గ్రీన్ ఇంకు సంతకం ఒకటి కావాలంట మేడమ్. మీరు గెజిటెడ్ కదా."

పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ప్రభుత్వం ఒక ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్ దేశాలతో సహా కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 వలసల చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ ముద్ర ఉన్న మనిషి ఆడదైతే 30 ఏళ్లు నిండి ఉండాలి. మగవాడికి ఆ ముప్పై ఏళ్ల షరతు లేదు.

నేను సంతకం పెట్టలేదు. అబద్ధం మీద సంతకం పెట్టలేనన్నాను. చిన్నవయసులో అక్కడికి పోతే ఏమవుతుందో తెలుసా అని కూడా అన్నాను. ఆమె తల దించుకుని విన్నది. "ఈడ ఉంటే ఏమవుతాదో తెలుసు కదా మేడమ్" అని మాత్రం అన్నది. మొగుడి అప్పు, ఆరేళ్ల కూతురు, వానలేని చేను. నేనిచ్చే జీతంతో అవి తీరవని నాకూ తెలుసు. పదిరోజులకు ఆమె పని మానేసింది. ఇంకెవరి సంతకంతోనో కాగితం తయారైంది. మరో రెండు నెలలకు వెళ్లిపోయిందని విన్నాను. ఏ దారిన వెళ్లిందో తర్వాత తెలిసింది. అనుమతి కోసం ఎవరూ అప్లై చెయ్యలేదు. ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడు, ఎయిర్‌పోర్టులో 'పుషింగ్' చేయించాడు. అంటే ఆమె ప్రభుత్వం పుస్తకాల్లో ఎక్కకుండా దేశం దాటింది.

నేను చట్టం పక్షాన నిలబడ్డాననుకున్నాను. నిజంగా దేని పక్షాన నిలబడ్డాను అన్న ప్రశ్న అప్పటినుంచీ వదల్లేదు.

*

ప్రపంచీకరణ వల్ల జాతిరాజ్యం బలహీనపడుతోందని మా సిలబస్‌లో ఒక పాఠం ఉండేది. 1648 వెస్ట్‌ఫాలియా ఒప్పందాలతో మొదలుపెట్టి, 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర ముగించేదాన్ని. పెట్టుబడి సరిహద్దులు దాటుతుంది, రాజ్యం చూస్తూ ఉండిపోతుంది అని సారాంశం.

ఇందులో అబద్ధం లేదు. మన దేశం ఆ మలుపు తిరిగిన కథలో కువైట్ కూడా ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడి నుంచి దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. నూనె ధర ఎగిరింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయింది. అప్పటికే అప్పుల్లో ఉన్న ఖజానా ఆ దెబ్బకు కూలింది. 1991 జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల దాకా బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టింది. ఇంట్లో గడవక పుస్తెలు తాకట్టు పెట్టడం ఆడవాళ్లకు కొత్త కాదు. దేశం ఆ పని చేసినప్పుడు మాత్రం అందరికీ సిగ్గేసింది. ఆ వెంటనే అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు, దాని షరతులు, ఆర్థిక సంస్కరణలు. మన సార్వభౌమత్వం పోయిందని వామపక్షాల వాళ్లు, స్వదేశీ వాళ్లు ఒకే గొంతుతో బాధపడ్డారు. నేనూ పడ్డాను.

కానీ ఎవరి ముందు పోయింది? వరండాలో నిలబడ్డ ఆ మనిషి ముందు రాజ్యం ఏమాత్రం బలహీనంగా లేదు. ఆమె ఎంత చదివిందో అడిగింది, వయసు అడిగింది, ముద్ర వేసింది, గ్రీన్ ఇంకు కావాలంది. ఆమె పంపే దినార్లను మాత్రం ఏ వయసని అడగలేదు. 2022లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బు 100 బిలియన్ డాలర్లు దాటింది, ప్రపంచంలో అదే మొదటి స్థానం. ఆ మొత్తంలో అమెరికా సాఫ్ట్‌వేర్ జీతాలెన్నో, గల్ఫ్ వంటిళ్ల జీతాలెన్నో విడదీసి ఎవరూ చూపించరు. ప్రపంచ వాణిజ్య సంస్థలో సేవల ఒప్పందం మీద బేరమాడినప్పుడు మన ప్రభుత్వం మనుషుల రాకపోకల గురించి గట్టిగానే అడిగింది. అడిగింది ఎక్కువగా ఇంజనీర్లు, ప్రొఫెషనల్స్ కోసం. అంట్లు తోమడం ఆ బల్ల మీదికి రాలేదు.

అవిభాజ్యమని నేను నోట్సు చెప్పిన అధికారం విభజన కాకుండా ఎక్కడుంది? డబ్బు ముందు ఒకటి, డిగ్రీ ఉన్నవాళ్ల ముందు ఒకటి, పది పాసవని ఆడమనిషి ముందు ఇంకొకటి. ప్రపంచీకరణ రాజ్యాన్ని బలహీనం చేసిందనే కంటే, ఎవరి ముందు బలం చూపించాలో ఎంచుకోనిచ్చింది అనడం సరైనదేమో.

*

ముప్పై ఏళ్ల నిబంధన గురించి నాలో నేను చాలాకాలం వాదించుకున్నాను. నిబంధన పెట్టినవాళ్లు చెప్పే కారణం తీసిపారేసేది కాదు. దెబ్బలు తిని, జీతం రాక, లైంగిక హింసకు గురై తిరిగొచ్చిన ఆడవాళ్లను మా ప్రాంతంలో చూశాం. శవపేటికలూ చూశాం. ఇరవై ఏళ్ల పిల్లను ఆ ఇళ్లలోకి పంపకపోతే మంచిదే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సాయంత్రం నాకూ అదే అనిపించింది.

కానీ ఈ రక్షణ మనకు బాగా తెలిసిన రక్షణే. వీధిలో పోకిరీలున్నారని కూతుర్ని కాలేజీ మాన్పించే తండ్రి చేసేది ఇదే. ప్రమాదం యజమాని ఇంట్లో ఉంటే ఆంక్ష ఆమె వయసు మీద పెట్టారు. ఆ ఆంక్ష ఆమెను ఆపలేదు, దారి మార్చింది. దారి మారాక కాంట్రాక్టు లేదు, బీమా లేదు, ఎంబసీ దగ్గర పేరు లేదు. ఆపదలో ఫోన్ చేస్తే "నువ్వసలు ఎట్లా వచ్చావు" అన్నది మొదటి ప్రశ్న. 2016లో ఇళ్లపని కోసం వెళ్లే ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం చేశారు. ఉద్దేశం మంచిదే. అయితే ఏజెంటు ఊళ్లో టీకొట్టు దగ్గర దొరుకుతాడు, ప్రభుత్వ సంస్థ ఎక్కడో నగరంలో ఉంటుంది.

పోనీ, రాజ్యం తప్పుకుని ఆమె ఇష్టానికి వదిలేస్తే సరిపోతుందా? అదీ ఒప్పుకోలేను. మార్కెట్ ఇచ్చే స్వేచ్ఛ ఏమిటో ఆమె అప్పుపత్రం చెబుతుంది. స్త్రీవాదులుగా మన ఇబ్బంది ఇక్కడే ఉంది. రాజ్యాన్ని నమ్మం, రాజ్యం లేకుండా కుదరదు. 498ఎ కోసం పోరాడింది మనమే, పోలీస్ స్టేషన్లో ఆడవాళ్లకు ఏం జరుగుతుందో చెప్పిందీ మనమే.

*

అక్కడి రాజ్యం సంగతి చూద్దాం. గల్ఫ్‌లో నడిచే కఫాలా పద్ధతిలో పనిమనిషి ఆ దేశంలో ఉండే హక్కు యజమానితో, అంటే కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. ఆయన ఇల్లు వదిలి వెళ్తే ఆయన ఫిర్యాదు చేస్తాడు, అకామా పోతుంది, ఆమె నేరస్తురాలవుతుంది. మనవాళ్ల భాషలో 'కల్లివెల్లి' అవుతుంది. దేశంలో ఎవరుండాలో ఎవరుండకూడదో తేల్చే అధికారం సార్వభౌమత్వానికి గుండెకాయ అని నేను పాఠం చెప్పాను. ఆ అధికారాన్నే ఒక గృహస్థు చేతిలో పెట్టారు. బదలాయించడానికి వీల్లేనిది కాస్తా బదిలీ అయిపోయింది.

2015లో కువైట్ 68వ నంబరు చట్టం తెచ్చింది. ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికొక సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు, పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. గల్ఫ్‌లో ఇది ముందడుగే. కానీ ఇంటి తలుపు వెనక ఏం జరుగుతోందో ఎవరు చూస్తారు? ఇల్లు ప్రైవేటు. రాజ్యం గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడిపోతుంది. కువైట్ స్త్రీలకు 2005లో ఓటుహక్కు వచ్చింది, 2009లో నలుగురు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆ వార్తలు చదివి ఎంతో సంతోషించాను. ఆ ఓటర్ల వంటిళ్లలో ఎవరున్నారో అప్పుడు గుర్తు రాలేదు.

ఇది అరబ్బుల సమస్య అనుకుంటే పొరపాటు. సార్వభౌమత్వ సిద్ధాంతానికి ఆద్యుడని మేం చెప్పే జీన్ బోదిన్ 1576లో తన గ్రంథం రాసినప్పుడు, రాజ్యమంటే అనేక కుటుంబాల మీద సాగే పాలన అన్నాడు. తండ్రికి బిడ్డల ప్రాణాల మీద కూడా అధికారం తిరిగి ఇవ్వాలన్నాడు. అదే మనిషి 1580లో మంత్రగత్తెలను ఎందుకు శిక్షించాలో ఒక పుస్తకం రాశాడు. మా సిలబస్‌లో మొదటి పుస్తకం ఉండేది, రెండోది ఉండేది కాదు. మన దగ్గర 1891లో సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచినప్పుడు, తెల్లవాడు మా ఇంట్లోకి రావడమేమిటని తిలక్ లాంటి జాతీయవాదులు అభ్యంతరపెట్టారు. దేశం చేజారింది కనుక ఇల్లయినా తమ ఏలుబడిలో ఉండాలన్నది వాళ్ల పట్టుదల. ఇంటిగోడల మధ్య హింసను ప్రత్యేకంగా గుర్తించిన గృహహింస చట్టం రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రపంచీకరణ రాకముందే రాజ్యం తన సార్వభౌమత్వంలో ఒక ముక్కను ఇంటి యజమానికి రాసిచ్చేసింది. దాన్ని కోల్పోవడం అని ఎవరూ అనలేదు.

రాజ్యాలు చెయ్యగలిగితే ఏం చెయ్యగలవో కూడా చూశాం. మన ప్రభుత్వం ఇంటిపనికి ఆడవాళ్లను తీసుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని షరతు పెట్టింది. కువైట్ ఒప్పుకోలేదు, ఈ వీసాలే ఆగిపోయాయి. 2017లో మనమే ఆ షరతు ఎత్తేశాం. 2018లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్లో దొరికినప్పుడు ఆ చిన్నదేశం కువైట్‌కు మనుషుల్ని పంపడం ఆపేసింది. మే నెలలో ఒప్పందం మీద సంతకాలయ్యాకే మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఒప్పందంతో అన్నీ చక్కబడ్డాయని కాదు. పేదదేశం కూడా తన వంటమనిషి కోసం బల్ల ముందు కూర్చోగలదని తెలిసింది.

*

ఇక నా గడప సంగతి. ఆ సాయంత్రం సంతకం పెట్టకపోవడానికి కారణం నిజాయితీ ఒక్కటే అని చెప్పుకుంటూ వచ్చాను. ఆమె వెళ్తే నాకు పనిమనిషి దొరకదన్న బెంగ కూడా ఉంది. ఆమెకు నేను వారపు సెలవు ఇవ్వలేదు. పండగ రోజుల్లో ఇంకో గంట ఎక్కువే చేసేది. కువైట్‌లో కాగితం మీదైనా ఉన్న సెలవు నా ఇంట్లో కాగితం మీద కూడా లేదు. ఇంటిపనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను భారతదేశం ఇంకా ధ్రువీకరించలేదు. ధ్రువీకరిస్తే ఇబ్బంది పడే యజమానుల్లో నాలాంటి చదువుకున్న ఉద్యోగినులు చాలామంది ఉంటారు. వంటింటి చాకిరీ గురించి నేను వ్యాసాలు రాసిన పొద్దుల్లో నా వంటిల్లు నడిపింది ఆమె.

2018 మొదట్లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. ఆమె ఔట్‌పాస్ మీద తిరిగొచ్చింది, పదకొండేళ్ల తర్వాత. మొదటి ఇంట్లో మూడేళ్లు పనిచేసి, జీతం ఆపేస్తే బయటికొచ్చేసి, మిగతా ఎనిమిదేళ్లు కల్లివెల్లిగా బతికింది. దాక్కుని పనిచేసిన కాలంలోనే డబ్బు మిగిలిందట. అప్పు తీర్చింది, రెండుగదుల ఇల్లు కట్టింది, కూతుర్ని చదివించింది. తల్లి చావుకు రాలేకపోయింది. "పోయింది మంచిదా, చెడ్డదా" అని అడిగాను. "పోయినా కదా మేడమ్, ఇంక మంచేంది చెడ్డేంది" అన్నది. ఆ జవాబును ఏ పక్షం వాదనలోకీ లాక్కోలేకపోయాను.

ఈమధ్య మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఆమెకు రెండు వయసులు. ఆధార్‌లో ఒకటి, పాత పాస్‌పోర్టులో ఇంకొకటి, మధ్య నాలుగేళ్ల తేడా. దాన్ని సరిచేసుకోవడానికి ఏదో కాగితం, దాని మీద ఎవరిదో సంతకం. కాగితంలో ఈసారి నిజమే ఉంది. సంతకం పెడతానన్నాను. పెడదామని పెన్ను తీశాక గుర్తొచ్చింది, నేను రిటైరయ్యాను, నా సంతకం ఇప్పుడు చెల్లదు.

"పోనీలే మేడమ్, ఎవరో ఒకరు పెడతారు" అని కాగితం మడిచింది. నేను టీ పెట్టడానికి లేచాను. తాగాక కప్పు కడగబోతే, వద్దని నేను తీసుకున్నాను. నా చేతిలోంచి లాక్కుని తనే కడిగి పెట్టి వెళ్లింది.