వాసన పోవాలంటే కడగడం తగ్గించు

అమ్మడూ,

నీ తెల్ల చిట్టెలుకల సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇల్లంతా కంపు కొడుతోందని, ఎవరికైనా ఇచ్చెయ్యమని రోజూ నీతో పోరుతోందట. నువ్వేమో పొద్దున్నే పంజరం ఖాళీ చేసి, ఫినాయిలు వేసి కడిగి, కొత్త రంపపు పొట్టు పోస్తున్నావట. ఇంత శ్రద్ధగా చేసుకునే పిల్లను మందలించడానికి నాకు నోరు రాదు. కానీ ఇన్నేళ్ళు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినదాన్ని, ఈ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. నువ్వు కడిగేకొద్దీ కంపు పెరుగుతుంది తల్లీ.

ఎలుకకు చూపు తక్కువ. దారి, గూడు, తోటివాళ్ళు అన్నీ దానికి ఎక్కువగా వాసనతోనే తెలుస్తాయి. అందుకే తిరిగినచోటల్లా మూత్రపు చుక్కలతో గుర్తులు పెట్టుకుంటుంది. మగదైతే మరీను. దాని మూత్రంలో ఉండే కొన్ని ప్రొటీన్లు వాసన పదార్థాలను పట్టి ఉంచి గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతాయి. ఆడ ఎలుకను ఆకర్షించే అలాంటి ప్రొటీను ఒకదానికి 2010లో లివర్‌పూల్ శాస్త్రవేత్తలు డార్సిన్ అని పేరు పెట్టారు, జేన్ ఆస్టిన్ నవలలోని డార్సీ పేరు మీద. నువ్వు ఆ గుర్తులన్నీ చెరిపేస్తే దానికి పరాయి ఇంట్లో పడ్డట్టుంటుంది. బెదిరిపోయి మళ్ళీ మొదటినుంచి గుర్తులు పెట్టడం మొదలెడుతుంది. మగవి రెండుంటే కొట్టుకుంటాయి కూడా. ఫినాయిలు జోలికి మాత్రం ఇక వెళ్ళకు. ఆ ఘాటు వాటి ముక్కుకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

నీ ఇంట్లో ముక్కు పగిలే వాసన అమ్మోనియాది. తాజా మూత్రంలో అది అంతగా ఉండదు. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు పుడుతుంది. ప్లాస్టిక్ ట్రే మీద అంగుళం పొట్టు పోస్తే తడి అడుగున మడుగు కడుతుంది, ఇంకెక్కడికీ పోదు. మన ముక్కు ఎక్కడో పైన ఉంటుంది గానీ, వాటి ముక్కు ఆ తడి పక్కనే ఉంటుంది కదా. కంపు మనకే తెలిసేంత ఉంటే వాటి శ్వాసనాళాలకు ఇంకా ఎక్కువ మంట.

కాబట్టి ముందు ఆ పంజరం తీసెయ్యి. నీళ్ళు కారే పాత చేపల తొట్టి అయినా పనికొస్తుంది, మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉంటే చాలు. పైన గాజు మూత వద్దు. అర సెంటీమీటరుకు మించని సందులున్న ఇనుప జాలి బిగించు, గాలి ఆడాలి. అడుగున రెండంగుళాలు కొబ్బరిపొట్టు వెయ్యి. నర్సరీలో ఇటుకల్లా అమ్ముతారే, అదే. ఎరువు కలపనిది అడుగు, రెండుసార్లు మంచినీళ్ళతో ఉప్పు వదిలేలా కడిగి, పిండితే చుక్క రానంతగా ఆరబెట్టు. దాని మీద ఎండుగడ్డి, చీల్చిన అట్టముక్కలు, సిరా అంటని కాగితం కలిపి ఒక పక్క ఎనిమిదంగుళాలు, ఇంకో పక్క నాలుగంగుళాలు పరుచు. గడ్డి కలిస్తేనే అవి తవ్విన సొరంగాలు కూలకుండా నిలుస్తాయి. గడ్డిని ముందు కవర్లో కట్టి రెండు మూడు రోజులు ఫ్రీజరులో పెడితే పురుగూ పుట్రా చస్తాయి. మీ అమ్మనడిగి పెట్టు.

ఇంత లోతుంటే తడి ఒకచోట నిలవక అంతటా పాకి ఆరిపోతుంది. గాలి ఆడే అడుగు పొరలో వేరే సూక్ష్మజీవులు చేరి అమ్మోనియాను నైట్రేట్లుగా మారుస్తాయి. పొలంలో జరిగేదీ ఇదే. కుండీల కింద తేమలో ఉండి, ముట్టుకుంటే ముడుచుకుపోయే బూడిదరంగు పురుగులున్నాయి చూడు, వాటిని తొట్టిలో వదిలితే శుభ్రం చెయ్యాల్సిన పనే లేదని చెప్పేవాళ్ళూ ఉంటారు. అంత నమ్మకు. కొంత సాయం చేస్తాయి, నిజమే. కానీ ఎలుకలు వాటిని తినేస్తాయి కూడా.

ఇక నువ్వు చేయాల్సింది, తడిసి గడ్డకట్టిన మూల నుంచి గుప్పెడు తీసి, అక్కడ కొత్తది వెయ్యడం. అవి పరిగెత్తే చక్రాన్ని మాత్రం వారానికి రెండుసార్లు వేడినీళ్ళతో కడుగు, పరిగెత్తుతూనే పోసేస్తాయి. నెలకోసారి పై పరుపులో మూడోవంతు మార్చు. గూడు ముట్టుకోవద్దు. రంగు లేని టిష్యూ కాగితం ఒకటి ఇచ్చి కూర్చుని చూడు, ఎంత ముచ్చటగా ఉంటుందో! ముందుకాళ్ళతో నొక్కిపట్టి, పళ్ళతో పోగులు పోగులుగా చీల్చి, నోట కరుచుకుని సొరంగంలోకి లాక్కుపోయి, మధ్యలో తను కూర్చుని చుట్టూ తిరుగుతూ గుండ్రంగా అల్లుకుంటుంది. అంత కష్టపడి కట్టుకున్నదాన్ని రోజూ చెత్తబుట్టలో పోస్తే ఏమైపోతుంది చెప్పు?

తిండి గిన్నెలో పెట్టకు. కొర్రలు, సజ్జలు, కొంచెం జొన్నలు ఆ గడ్డిలో చల్లు, వెతుక్కుని తింటాయి. రోజుకు ఒక్కోదానికి నాలుగైదు గ్రాములు చాలు. గుడ్డు, పప్పులు ముద్దుకొద్దీ ఎక్కువ పెట్టకు. ప్రొటీను మితిమీరితే మూత్రంలో యూరియా పెరుగుతుంది. కీరా ముక్క పెడితే మిగిలింది సాయంత్రానికి తీసెయ్యి.

మన ఎండలు వాటికి గండం. బాల్కనీలో అసలు పెట్టకు. ఇంట్లో చల్లటి మూల చూసి, పగిలిన మట్టిచట్టి ఒకటి బోర్లించి పెట్టు, దాని కింద పడుకుంటాయి. ఎర్రకళ్ళ తెల్లవాటికి వెలుతురు ఎక్కువైనా కళ్ళు పాడవుతాయి.

ఆడవి రెండు మూడు కలిసి హాయిగా బతుకుతాయి, వాసనా తక్కువ. మగదాన్ని కలిపావో, ఇరవై రోజులకే ఈనుతుంది. ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. నీవి ఏవో ఈ వారంలోనే తేల్చుకో. ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే మగదానికి తోక కింద రెండు ద్వారాల మధ్య ఎడం ఎక్కువ.

ఊపిరి తీస్తుంటే టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించినా, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ముడుచుకు కూర్చున్నా తెల్లారేదాకా ఆగకు. ఎలుకను చూసే పశువైద్యులు అన్నిచోట్లా దొరకరు. మీ ఊళ్ళో ఎవరున్నారో ఇవాళే కనుక్కుని నంబరు రాసి పెట్టుకో.