వంత పాడటం అంటే

మన భాషలో 'వంత పాడటం' ఒక తిట్టు. సొంత బుద్ధి లేకుండా ఎవరో అన్నదానికల్లా తలూపేవాళ్లని అలా అంటాం. బుర్రకథ చూసినవాళ్లకి ఈ తిట్టు అన్యాయంగా తోస్తుంది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. 'తందాన' అని అందుకోవడంతో వాళ్ల పని అయిపోదు. కథకుణ్ణి ఆపి ప్రశ్న వేసేదీ, పాత కథని ఇవాళ్టి కరువుకీ కౌలుకీ ముడిపెట్టేదీ వంతే.

ఒక పాటల బృందం గెలవడానికి కారణం ఎవరు? రాసినవాళ్లా, నడిపినవాళ్లా, పాడినవాళ్లా? పాట రాసేవాళ్లూ నాయకులూ మారితే బృందం ఏమవుతుందన్న చర్చ ఎప్పుడూ విజయం చుట్టూనే తిరుగుతుంది. నాకది న్యాయానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. దానికి మన దగ్గరి ఉదాహరణ ప్రజానాట్యమండలి.

1943లో పుట్టిన ఆ సంస్థకి బెజవాడ, కృష్ణా డెల్టా గ్రామాలు ఆయువుపట్టు. డాక్టర్ గరికపాటి రాజారావు నడిపించారు. సుంకర సత్యనారాయణ బుర్రకథలు రాశారు. నాజర్ ఆ కళకి కొత్త ఊపిరి పోశారు. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన 'మా భూమి' నాటకాన్ని వందకు పైగా దళాలు ఊరూరా ఆడాయి. ఈ పేర్లన్నీ సాహిత్య చరిత్రలో స్థిరపడ్డాయి. అదే కాలంలో, ఆడది స్టేజీ ఎక్కితే ఇంటి పరువు పోయిందనుకునే రోజుల్లో, మోటూరి ఉదయం కథకురాలిగా తంబురా పట్టుకున్నారు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ సభల్లో పాటలు పాడారు. వాళ్ల వెనక ఇంకా ఎందరో గొంతు కలిపారు. రచయిత ఒక్కడే, నాయకుడు ఒక్కడే అయినా, పాట ఊరు దాటింది ఆ గొంతుల మీదే.

తర్వాత నిర్బంధం వచ్చింది. దళాలు చెదిరిపోయాయి. పలువురు కళాకారులు మద్రాసు సినిమా దారి పట్టారు. రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశారు, జమున తొలి సినిమా అదే. మండలిలో నేర్చిన విద్య, సంపాదించిన పేరు అక్కడ అక్కరకొచ్చాయి. ఇది నింద కాదు, వాళ్లూ బతకాలి కదా. కానీ కోటేశ్వరమ్మకి ఏ దారి మిగిలింది? భర్త వదిలేశాక, నడివయసులో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకున్నారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేసి బతికారు. తన కథ తాను చెప్పుకున్న 'నిర్జన వారధి' 2012లో వచ్చేనాటికి ఆమె వయసు తొంభై దాటింది. వంతగా ఉన్న మనిషి కథకురాలు కావడానికి పట్టిన కాలం అది.

ఉద్యమ పాటకి పేరెందుకు, పాట ప్రజలది కదా అనే మాట వినిపిస్తుంది. అందులో నిజాయితీ లేకపోలేదు. కానీ పేరు వదులుకోవడం త్యాగం కావాలంటే ముందు ఆ పేరు ఉండాలి. అందరూ అనామకులుగా ఉన్నచోట అనామకత్వం సమానత్వమే. కొందరి పేర్లు పుస్తకాల మీద ఉండి, మిగిలినవాళ్లంతా 'బృందం' అయినచోట అది పాత ఇంటి వ్యవస్థే. వంట ఆమెది, విందు ఆయన పేరు మీద.

పేరు, పాట, పెత్తనం మూడూ వేరని చూపే ఉదాహరణ ఇంకో లోకంలో ఉంది. 1967లో లండన్‌లో మొదలైన రాక్ బృందం ఫ్లీట్‌వుడ్ మాక్‌కి ఆ పేరు డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ గిటార్ వాయించే జాన్ మెక్‌వీల నుంచి వచ్చింది. ప్రధాన రచయిత పీటర్ గ్రీన్ 1970లో వెళ్లిపోయాడు. ఆ ఏడే క్రిస్టీన్ మెక్‌వీ, 1975లో లిండ్సే బకింగ్‌హామ్‌తో పాటు స్టీవీ నిక్స్ వచ్చారు. ఆ ఇద్దరు స్త్రీలూ పాటలు రాశాక, 1977లో 'రూమర్స్' ఆల్బమ్‌తో బృందం శిఖరానికి చేరింది. అయినా నిక్స్ రాసిన 'సిల్వర్ స్ప్రింగ్స్'ని, నిడివి ఎక్కువైందని ఆ ఆల్బమ్ నుంచి తీసేశారు. బకింగ్‌హామ్ పాట రికార్డుకి వెనక వైపున దాన్ని వేశారు. ఆ పాటకి మళ్లీ వెలుగు దక్కింది 1997లో. రాసే హక్కు వచ్చినంత మాత్రాన ఏ పాట ఉండాలో, ఏది పోవాలో తేల్చే హక్కు రాదన్నమాట.

అందుకే నాయకత్వం గురించి అడగాల్సిన ప్రశ్న 'ఎవరి తర్వాత ఎవరు' అన్నది కాదు. 1964లో పార్టీ చీలాక ప్రజానాట్యమండలి పేరుతోనే వేర్వేరు సంస్థలు పనిచేశాయి. పేరు నిలిచినంత తేలిగ్గా పాత గొంతుల జ్ఞాపకం నిలవలేదు. మరోపక్క తెలంగాణలో అరుణోదయ పాటకి విమలక్క నాయకురాలైనప్పుడు, ఆడవాళ్ల ఆటపాటైన బతుకమ్మ 'బహుజన బతుకమ్మ'గా ఉద్యమ వేదికైంది. ఒకరు చరణం ఎత్తుకుంటే వలయమంతా అందుకునే పాట అది. నాయకత్వంలో స్త్రీ ఉంటే చాలు, అన్నీ మారతాయని అనలేం. కానీ ఏది పాట, ఏది వేదిక అన్న నిర్ణయంలో మాత్రం తేడా కనిపిస్తుంది.

ఒక బృందం రచయితల్ని మార్చుకుని నిలబడొచ్చు, నాయకుల్ని మార్చుకుని నిలబడొచ్చు. వంత కథని ఆపి 'ఇది ఎవరి కథ?' అని అడగగలగాలి, అడిగినామెకి ఏదో ఒకనాడు తంబురా అందాలి. అవి లేకపోతే బృందం గెలిచినా, ఆ గెలుపులో సగం మంది ఉండరు.